‘కిచెన్’ నవలలో మికాగే తన చేతి వంట కాక హోటల్ అన్నం ఎందుకు పట్టుకెళ్లింది?

ప్రశ్న: బెజవాడ చదువరి

బనానా యోషిమొతో నవల ‘కిచెన్’ జపాన్‌లో 1988లో పుస్తకంగా వచ్చింది. నేను దాన్ని ఇటీవలే మేగన్ బాకస్ ఇంగ్లీషు అనువాదంలో చదివాను. పెంచిన అవ్వ పోయాక ఒంటరిగా మిగిలి, వంటింట్లో ఫ్రిజ్ పక్కన పడుకుంటే తప్ప నిద్రపట్టని మికాగేను యూయిచి, అతని తల్లి ఎరికో తమ ఇంటికి రమ్మంటారు. ఆ ఇంటి వంటగదిలో ఒక వేసవంతా పుస్తకాలు ముందు పెట్టుకుని ఆమె పట్టుదలగా వంట నేర్చుకుంటుంది, తర్వాత అదే ఆమెకు వృత్తి అవుతుంది. ఎరికో హత్యకు గురయ్యాక యూయిచి కోసం మికాగే పెద్ద విందే వండిపెడుతుంది గాని, అతను అంతకంతకూ దూరమైపోతాడు. చివరికి ఆమె అర్ధరాత్రి టాక్సీలో అతని దగ్గరకు తీసుకువెళ్లేది తాను వండినది కాదు, ఇజు అనే సముద్రతీర ప్రాంతంలో ఒక మామూలు హోటల్లో కట్టించుకున్న కాట్సుడోన్, అంటే వేయించిన పంది మాంసం, గుడ్డు పైన పరిచిన అన్నం. ఇంత బాగా వండగల మనిషి చేత రచయిత్రి ఆ పని ఎందుకు చేయించి ఉంటారు?

ఇది అడగడానికి సొంత కారణం కూడా ఉంది. నా స్నేహితురాలి తండ్రి ఈమధ్యే కాలం చేశారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక మొదట్లో బంధువులందరూ క్యారేజీలు తెచ్చారు, కర్మకాండలు ముగిశాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. నేను మాత్రం ఇప్పటికీ వండి తీసుకువెళుతున్నాను, ఆమె మర్యాదకు రెండు ముద్దలు తిని పక్కన పెడుతోంది.

జవాబు: ఒసాకాలో తెలుగువాడు

మీ ప్రశ్నకు సగం జవాబు యూయిచి బస చేసిన ఊళ్లోనే ఉందని నా నమ్మకం. అది గుడిని ఆనుకుని ఉన్న ఊరు, అక్కడ ఎక్కడ చూసినా సన్యాసుల పద్ధతిలో వండిన టోఫూ (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) వంటకాలే. ఫోన్‌లో అతను మికాగేకు చెప్పుకునేది కూడా ఈ సంగతే. జపాన్ బౌద్ధంలో మాంసం, చేపలు లేని ఈ వంటను షోజిన్ ర్యోరి అంటారు. ఇంట్లో మనిషి పోయినప్పుడు కుటుంబం కూడా ఇదే నియమాన్ని పాటించి, 49వ రోజు కర్మ తర్వాత చేపలు, మాంసం ఉన్న భోజనంతో దాన్ని విడవడం పాత ఆచారం. ఈ రోజుల్లో ఆ భోజనం చాలా చోట్ల దహనం నాడే పెట్టేస్తున్నారు. ఆ భోజనంతో, బతికి ఉన్నవాళ్లు మళ్లీ మామూలు తిండికి, మామూలు రోజులకు రావచ్చని అందరి ఎదుటా అనుమతి దొరుకుతుంది.

ఇప్పుడు యూయిచి పరిస్థితి చూడండి. తల్లి పోయింది, అతను ఒంటరిగా ఒక గుడి ఊళ్లో టోఫూ తింటూ కూర్చున్నాడు, ఆ దీక్ష విడిపించడానికి చుట్టాలంటూ ఎవరూ లేరు. అప్పుడు మికాగే కాట్సుడోన్ తెస్తుంది, అంటే నూనెలో వేయించిన పంది మాంసం. రచయిత్రి ఈ పోలికను ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు కనుక ఇది నా చదువు మాత్రమే. అయినా ఇక్కడి చావు ఇళ్ల భోజనాలు చూసిన తర్వాత ఆ ఘట్టం నాకు వేరేలా చదవడం సాధ్యపడలేదు.

ఇక్కడి ఇళ్లలో ఇంకో పద్ధతి ఉంది. పొద్దున వండిన అన్నంలో మొదటి గరిటె చిన్న గిన్నెలో పెట్టి, ఇంట్లోని బుత్సుదాన్ అనే పూజా మందసంలో పోయినవారి ముందు ఉంచుతారు. కాసేపయ్యాక దాన్ని తీసి ఇంట్లోవాళ్లే తింటారు. పోయినవారితో కలిసి తినడం అనే ఈ రోజువారీ పని గుర్తుంటే, మికాగే వంటగదిని అంతగా పట్టుకుని వేలాడడం మరింత బాగా అర్థమవుతుంది.

జవాబు: వంటశాల ఉద్యోగి

నేను వండేవాడిని కనుక వంట వైపు నుంచి ఒక మాట చెబుతాను. కాట్సుడోన్‌ను ఒక్కొక్కరికీ విడిగా, ఒక్క గిన్నెకు సరిపోయే చిన్న పెనంలో చేస్తారు. ఎండు చేప పొరలు, సముద్రపు నాచు మరిగించి తీసిన రసంలో సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా కలిపి, అందులో ఉల్లిపాయ చీలికలు మెత్తబడ్డాక, వేయించి కోసిన మాంసం ముక్కలు పరిచి, గిలకొట్టిన గుడ్డు పోసి మూత పెడతారు. గుడ్డు సగం గట్టిపడగానే మొత్తాన్ని వేడి అన్నం మీదకు జార్చాలి. అప్పటికప్పుడు తినాల్సిన తిండి అది, ఆలస్యమైతే ముక్క పైపొర నాని మెత్తబడుతుంది. అలాంటిదాన్ని టాక్సీలో అంత దూరం తీసుకువెళ్లడంలోనే ఆమె తొందర తెలుస్తుంది. పైగా ఆమె తన ఆకలి కొద్దీ ఆ హోటల్‌కు వెళ్లింది, తాను తింటుంటే అద్భుతంగా ఉందని రెండోది కట్టించింది. ముందటి విందు అతన్ని ఓదార్చాలని వండినది. ఇది మాత్రం తనకు నచ్చిన రుచి అతనికీ అందాలని తెచ్చినది, ఆ తేడా తినేవాడికి తప్పకుండా తెలుస్తుంది.

జవాబు: పాత పాఠకురాలు

పై ఇద్దరి మాటలూ నాకు నచ్చాయి. అయితే తిండి దుఃఖాన్ని మాన్పుతుందని ఈ నవల చెబుతోందని మాత్రం నేను ఒప్పుకోను. అవ్వ పోయాక మికాగే మనసారా ఏడ్చింది ఎవరో వండిపెట్టినప్పుడు కాదు. బస్సులో ఒక చిన్నపిల్లనూ ఆమె అవ్వనూ చూసి, మధ్యలో దిగిపోయి, సందులో నిలబడి ఏడుస్తుంటే, తల పైనున్న కిటికీ నుంచి ఆవిరి వస్తుంటుంది, గిన్నెల చప్పుడు, పనివాళ్ల మాటలు వినిపిస్తాయి. అది ఎవరిదో వంటగది, ఆ వంట ఆమె కోసం కాదు. అక్కడ ఆమె ఏడుపు ఆపమని ఎవరూ అనలేదు.

కాట్సుడోన్ రాత్రి కూడా అంతే. సత్రం తలుపులు మూసి ఉంటే పైకప్పు ఎక్కి, చెయ్యి గీరుకుపోయినా లోపలికి వెళ్లి గిన్నె చేతికిస్తుంది. అతన్ని పోగొట్టుకోవడం తనకు ఇష్టం లేదని చెబుతుంది, నిర్ణయం అతనికే వదిలి అదే రాత్రి ఇజుకు తిరిగి వెళ్లిపోతుంది. అక్కడే కూర్చుని అతన్ని కాపలా కాయదు.

అందుకని చదువరి గారూ, మీ స్నేహితురాలికి తీసుకువెళ్లడం మానకండి. కాకపోతే ఆమె తినేదాకా ఎదురుగా కూర్చోవద్దు. ఆమె కోసమని ప్రత్యేకంగా కాకుండా, మీ ఇంట్లో ఆ రోజు ఏది బాగా కుదిరితే అదే ఒక గిన్నెలో పోసి ఇచ్చి వచ్చేయండి. గిన్నె తిరిగి ఇవ్వమని కూడా అడగవద్దు.