ఇలియడ్‌లో కొయ్యగుర్రం ఎందుకు లేదు?

ప్రశ్న (దేవరకొండ నుంచి): గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేసిన యుద్ధం గురించి గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్‌ను ఈ మధ్యనే ఇంగ్లీషు అనువాదంలో చివరిదాకా చదివాను. ట్రాయ్ నగరం కూలడం, కొయ్యగుర్రం కడుపులో సైనికులు దాగడం ఇందులోనే ఉంటాయనుకున్నాను గానీ, 24 సర్గలు పూర్తయినా గుర్రం రాలేదు. ట్రాయ్ యువరాజు హెక్టర్ అంత్యక్రియలతోనే కావ్యం ముగిసింది. పదేళ్ల యుద్ధంలో కొన్ని వారాల ముచ్చటను మాత్రమే చెప్పిన కావ్యం ఇన్ని శతాబ్దాలు ఎట్లా నిలిచింది? పదిహేను వేలకు పైగా ఉన్న ఈ పంక్తులను గాయకులు ఎట్లా గుర్తుంచుకున్నారు?

జవాబు (నల్లగొండ నుంచి): గుర్రం కథను హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో డెమొడోకస్ అనే గాయకుడు పాడుతాడు, తరువాత రోమన్ కవి వర్జిల్ దానిని ఈనీడ్ రెండవ సర్గలో విస్తరించాడు. ఇలియడ్ గ్రీకు మూలంలో మొదటి మాటే కోపం; అది గ్రీకు వీరుడు అకిలిస్ కోపం. ఆ కోపం చల్లారిన చోట కథ ఆగుతుంది కనుక, నగరం కూలడం హోమర్‌కు అవసరం కాలేదు. మహాభారతం స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు తన కొడుకులను చంపిన భీముడిని కౌగిలించుకోబోతే, కృష్ణుడు ఇనుప విగ్రహాన్ని ముందుకు తోస్తాడు, అది నుగ్గవుతుంది. ఇలియడ్‌లో మాత్రం హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు అయిన ముసలి ప్రియం రాత్రివేళ శత్రువు గుడారానికి వెళ్లి, తన కొడుకులను చంపిన అకిలిస్ చేతులనే ముద్దాడి, హెక్టర్ శవాన్ని ఇమ్మని అడుగుతాడు. అకిలిస్‌కు తన తండ్రి గుర్తుకొస్తాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. నేను ఎన్నిసార్లు చదివినా ఆ చోట పుస్తకం పక్కన పెట్టక తప్పలేదు.

జవాబు (అచ్చంపేట నుంచి): రెండవ ప్రశ్నకు చెబుతాను. మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు 1933–35 మధ్య యుగొస్లావియాలో జానపద గాయకుల పాటలను రికార్డు చేసి, వారు ప్రతి పంక్తినీ వల్లెవేయడం లేదనీ, ఛందస్సుకు అమరే సిద్ధమైన పదబంధాలతో పాడుతూనే కథను కడుతున్నారనీ చూపాడు. 'వడిగల పాదాల అకిలిస్', 'గులాబీ వేళ్ల ఉషస్సు' వంటివి హోమర్‌లో మళ్లీ మళ్లీ రావడానికి కారణం అదే. మా వైపు ఒగ్గుకథ విన్నవారికి ఇది కొత్త కాదు: అదే మల్లన్న కథ, వినేవారిని బట్టి ఒక ఊళ్లో పొడుగవుతుంది, మరో ఊళ్లో పొట్టిదవుతుంది.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): ఒక చిన్న చేర్పు. హోమర్‌ను నమ్మి, ట్రాయ్ కోసం జర్మన్ వ్యాపారి ష్లీమన్ 1870లలో ఇప్పటి తుర్కియేలోని హిసార్లిక్ దిబ్బను తవ్వించాడు. ఆయన ప్రియం నిధి అనుకున్న బంగారం, ట్రాయ్ యుద్ధం జరిగిందని భావించే కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతదని తరువాత తేలింది.