అప్‌డేట్: సంతలో కొన్న రోమన్ వెండి నాణెం అసలుదేనా?

పోయిన నెల అడిగాను కదా, లండన్‌లో పాత సామాన్ల సంతలో కొన్న దినారియస్ (రోమన్ల వెండి నాణెం) వెనక వైపు బొమ్మలో ఉన్న ఇద్దరు ఎవరు, అంచున ఆ ఆకుపచ్చ మచ్చ ఏంటి అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నాణేలు తెలిసినావిడకి చూపించాను. ఆ ఇద్దరూ నేననుకున్నట్టు కవల దేవుళ్లు కాస్టర్, పోలక్స్ కారు. రోమ్ చక్రవర్తి అగస్టస్ దత్తత తీసుకున్న మనవళ్లు గాయస్, లూసియస్. మధ్యలో డాళ్లు, బల్లేలు, వాటి పైన పూజలో వాడే గరిట, వంకీ కర్ర. "గరిట ఉందేమో చూడు" అన్నవారికి దండం! లుగ్దునం, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ముద్రించిన రకం. మన దక్షిణాది లంకెబిందెల్లోనూ ఇవి బాగానే దొరికాయి.

అసలు కథ ఆ మచ్చలో ఉంది. భూతద్దంలో చూస్తే అక్కడ వెండి పొర ఉల్లిపొట్టులా లేచింది, కింద రాగి. బరువు 2.9 గ్రాములే, మంచిదైతే 3.8 దాకా తూగాలి. నకిలీదే, కానీ ఆ కాలపు నకిలీ! నాకంటే ముందే ఎవరో మోసపోయారన్నమాట.

అయస్కాంతం టెస్టు మాత్రం దండగ. వెండీ అతుక్కోదు, రాగీ అతుక్కోదు. నిమ్మరసంతో తోమమన్న సలహా వినలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఉన్న పొర కూడా పోయేదట.