ఫొటోలో ఏముందో చెప్పే వెబ్ యాప్: బ్రౌజర్‌లోనే నడిపినవాళ్లున్నారా?

గోదారిగట్టు:
మా అత్తగారికి చూపు బాగా తగ్గింది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే ఫొటోలో ఏముందో ఫోనే చెప్పేలా ఓ పేజీ చేశా. ఇంటి ఫొటోలు బయటికి పోకూడదని సర్వర్ పెట్టలేదు. ట్రాన్స్‌ఫార్మర్స్.జేఎస్ (ఏఐ మోడళ్లని బ్రౌజర్‌లో నడిపే లైబ్రరీ), విట్-జీపీటీ2 (ఫొటో చూసి ఇంగ్లిష్ వాక్యం రాసే మోడల్), అంతా బ్రౌజర్‌లోనే. నా ల్యాప్‌టాప్‌లో పరుగులు పెడుతోంది. ఆవిడ ఫోన్లో మాత్రం పేజీ బిగుసుకుపోతోంది, ఒక్కోసారి దానంతటదే రీలోడ్ అయిపోతోంది. ఏం చెయ్యాలంటారు?

ఓరుగల్లు_కోడర్:
అన్నా, మోడల్‌ను పేజీని నడిపే మెయిన్ థ్రెడ్‌లనే నడిపిస్తున్నవా? పక్కన వేరేగ నడిచే వెబ్ వర్కర్‌లకు మార్చు, బిగుసుకుపోవుడు ఆగుతది. రీలోడ్ వేరే ముచ్చట, అది మెమరీ చాలక. 12 మెగాపిక్సెళ్ల ఫొటో విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 48 ఎంబీ అక్కడనే పాయె. మోడల్ చూసేది 224×224 మాత్రమే. ముందే చిన్నగ చేసి ఇయ్యి. ఇంకోటి, గ్రాఫిక్స్ చిప్ మీద నడిపే వెబ్‌జీపీయూ పెట్టినవా? ట్రాన్స్‌ఫార్మర్స్.జేఎస్ 3వ వెర్షన్‌ల డీటైప్ (మోడల్ అంకెలు ఎన్ని బిట్లల్ల ఉండాలె అనేది) చెప్పకపోతే దానికి 32 బిట్ల ఫైళ్లు దిగుతయి. మామూలు ప్రాసెసర్ మీద నడిచే వాసమ్‌కైతే 8 బిట్లవే. సైజు నాలుగింతల తేడా.

గోదారిగట్టు:
దొరికింది తమ్ముడూ, వెబ్‌జీపీయూ పెట్టి డీటైప్ వదిలేశా! వర్కర్ పని రాత్రికి చూస్తా.

కృష్ణలంక:
నా అనుభవం కూడా వినండి. మోడల్ ఫైళ్లు నా సొంత హోస్టింగ్‌లో పెట్టి, లింకు కాలేజీ గ్రూపుల్లో పడేశా. మనిషికి 250 ఎంబీ, 400 మంది తెరిచారు. 100 జీబీ! నెల కోటా ఒక్క ఆదివారం ఆవిరి. ఇప్పుడు ఫైళ్లు మోడళ్లు పంచుకునే సైటు హగ్గింగ్ ఫేస్ నుంచే దిగుతాయి, అదీ సైజు చూపించి, బటన్ నొక్కాకే. డేటా ప్యాక్ మీద ఉన్నవాళ్ల ఉసురు మనకెందుకు. ఐఫోన్ వాళ్లకి ఇంకో తిరకాసుంది. సఫారీ వాడుతూ 7 రోజులు మన పేజీ ముట్టకపోతే ఫోన్లో దాచిన ఫైళ్లు (క్యాషే) తుడిచేస్తుంది, మళ్లీ 250. హోమ్ స్క్రీన్‌కి చేర్చుకోమని చెప్పండి.

సిద్దిపేట_చెల్లె:
అంతా సెట్ చేసినంక అసలు తమాషా మొదలయితది. బతుకమ్మ ఫొటో పెడితే 'పూలున్న కేకు' అన్నది నాది. ఈ మోడల్ నేర్చుకున్నది కోకో అనే ఫొటోల సెట్ మీద. 2014ల వచ్చిన ఆ సెట్‌ల 80 రకాల వస్తువులు గుర్తువెట్టిన్రు. కేకు, పిజ్జా, ఫ్రిస్బీ అన్నీ ఉన్నయి, మన తాంబాలం ఏడికెళ్లి వస్తది? ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగు చేసే ఇంకో మోడల్ తగిలిస్తే క్రికెట్ బ్యాటు గబ్బిలమైంది. అందుకే నేను ప్రతి వాక్యం ముందు 'బహుశా' అని పెట్టిన.

గోదారిగట్టు:
అప్‌డేట్. వర్కర్, 8 బిట్లు, చిన్న ఫొటో, మూడూ చేశా. రీలోడ్ ఆగింది, ఒక్కో ఫొటోకి ఆరేడు సెకన్లు. తెలుగు గొంతుకి బ్రౌజర్‌లోనే ఉండే స్పీచ్ సింథసిస్ వాడా. గొంతుల జాబితా మొదటిసారి ఖాళీగా వస్తుంది, కాసేపాగి మళ్లీ అడగాలి. నిన్న పూతరేకుల పళ్లెం చూపిస్తే 'బహుశా కాగితాల దొంతర' అని చదివింది. అత్తగారు పళ్లెం తడిమి, ఒకటి నోట్లో వేసుకుని, 'నెయ్యి తక్కువైంది, అది చెప్పలేదే మీ ఫోను' అన్నారు.