బెర్లిన్‌లో రోజువారీ ప్రయాణం: పాసు సరిపోతుందా, సైకిల్ కూడా కొనాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. అక్టోబరు నెల మధ్యలో ఉద్యోగరీత్యా బెర్లిన్ వస్తున్నాను. కార్యాలయం నగరానికి ఆగ్నేయంగా ఉన్న ఆడ్లర్స్‌హోఫ్‌లో. నొయ్‌కోల్న్ ప్రాంతంలో, ఎస్-బాన్ (నగర, శివారు రైలు) స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో గది కుదిరింది. కారు కొనే ఆలోచన లేదు. అక్కడ చాలామంది పనికి సైకిల్ మీదే వెళతారని విన్నాను. నేను కళాశాల రోజుల తరువాత సైకిల్ తొక్కలేదు. పైగా మన దగ్గర ఎడమవైపు నడపడానికే అలవాటు పడినవాణ్ని. మొదట పాసు తీసుకుని వసంతం వచ్చాక సైకిల్ కొనడం మంచిదా, లేక రాగానే కొనుక్కుని టికెట్ ఖర్చు మిగుల్చుకోవాలా? సైకిల్‌ను రైల్లో వెంట తీసుకువెళ్లే వీలుందా? అక్కడ కొన్నేళ్లుగా ఉంటున్నవారు తమ అనుభవంతో చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (నొయ్‌కోల్న్ నివాసి)

నమస్కారమండీ. మీ విషయంలో ముందు పాసు తీసుకోవడమే సరైనదని నా గట్టి అభిప్రాయం. నొయ్‌కోల్న్ స్టేషన్ నుంచి ఎస్45, ఎస్46 రైళ్లు ఆడ్లర్స్‌హోఫ్‌కు నేరుగా వెళతాయి. దాదాపు పావుగంట ప్రయాణం. అదే దారి సైకిల్ మీద సుమారు తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. అక్టోబరు చివర గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక సాయంత్రం త్వరగా చీకటిపడుతుంది. కొత్త ఊరు, కొత్త రహదారి నియమాలు, పైన వాన, చీకటి, ఇవన్నీ ఒకేసారి నేర్చుకోవలసిన అవసరం మీకు లేదు.

డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలపాసు ఉంటే బెర్లిన్‌లోని అన్ని ఎస్-బాన్, ఊ-బాన్ (మెట్రో రైలు), ట్రామ్, బస్సులతోపాటు దేశమంతటా ప్రాంతీయ రైళ్లలోనూ తిరగవచ్చు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ పాసు ధర 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63 యూరోలకు పెరిగింది. అయినా రోజూ ప్రయాణించేవారికి ఇంతకంటే లాభసాటి ఏర్పాటు నాకు కనిపించలేదు. ఇది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా కనుక, వద్దనుకుంటే ఆ నెల పదో తేదీలోగా రద్దు చేయాలి. చేరే ముందు మీ సంస్థలో జాబ్ టికెట్ (సంస్థ కొంత ఖర్చు భరించే పాసు) ఉందేమో తప్పక అడగండి. సంస్థ కనీసం 25 శాతం భరిస్తే ధరలో మరో 5 శాతం తగ్గుతుంది. అంటే మీరు 70 శాతానికి మించి కట్టనవసరం లేదు.

టికెట్ మండలాలు మూడు: ఏ, బి, సి. నగర మధ్యభాగాన్ని చుట్టివచ్చే ఎస్-బాన్ మార్గమైన రింగ్‌బాన్ వలయం లోపలి భాగం ఏ. అక్కడి నుంచి నగర సరిహద్దు వరకు బి. ఆ పైన సి. మీ ఇల్లు, కార్యాలయం మొదటి రెండింటిలోనే ఉన్నాయి, విమానాశ్రయం మాత్రం సిలో ఉంది. కాబట్టి దిగిన రోజున ఏబిసి టికెట్ కొనాలి. స్టేషన్లలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. కొత్తవారు దీనివల్లనే పొరబడుతుంటారు. ప్లాట్‌ఫాం మీది యంత్రంలో కొన్న కాగితపు టికెట్‌ను పక్కనే ఉన్న పెట్టెలో ముద్ర వేసుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్లే లెక్క, తనిఖీలో దొరికితే 60 యూరోల జరిమానా.

వారాంతాలలోనూ, సెలవు దినాలకు ముందు రాత్రులలోనూ ఊ-బాన్ చాలావరకు రాత్రంతా నడుస్తుంది. మిగతా రాత్రులలో రైళ్ల బదులు ఎన్ అక్షరంతో మొదలయ్యే బస్సులు తిరుగుతాయి. ఊ7 దారిలో ఎన్7 అన్నమాట.

జవాబు 2 (ట్రెప్టో నుంచి)

పై మిత్రులు పాసు గురించి చెప్పినదంతా నిజం. కానీ సైకిల్‌ను వసంతానికి వాయిదా వేయమనడంతో నేను ఏకీభవించను. ఈ నగరంలో రైలు మార్గాలు దూరాలను కలుపుతాయి గాని, రెండు మార్గాల మధ్య ఉండే మూడు నాలుగు కిలోమీటర్లకు సైకిలే తగిన వాహనం. కూరగాయల దుకాణానికి, వైద్యుడి దగ్గరకు, మిత్రుల ఇంటికి బస్సు మారి వెళ్లేలోగా సైకిల్ మీద చేరుకుంటారు. పైగా పాత పశ్చిమ బెర్లిన్ 1967లో తన చివరి ట్రామ్‌ను కూడా ఆపేసింది. ఏకీకరణ తరువాత 1995 నుంచి కొన్ని మార్గాలు పడమటికి సాగినా, నేటికీ ట్రామ్ పట్టాలు ఎక్కువగా తూర్పునే ఉన్నాయి. మీరుండే నొయ్‌కోల్న్ పూర్వపు పశ్చిమ భాగం కనుక అక్కడ రైలు మార్గాల మధ్య అడ్డంగా చేసే ప్రయాణాలకు బస్సు, సైకిల్ తప్ప మూడోది లేదు.

ఎస్-బాన్‌లోనూ, ఊ-బాన్‌లోనూ, ట్రామ్‌లోనూ సైకిల్‌ను తీసుకువెళ్లవచ్చు, అయితే దానికి విడిగా సైకిల్ టికెట్ కావాలి. డాయిచ్‌లాండ్ టికెట్‌లో అది కలిసి ఉండదు. మడిచిన మడత సైకిల్‌కు మాత్రం టికెట్ అక్కరలేదు. చక్రాల కుర్చీలకు, పిల్లల బండ్లకు ముందు చోటివ్వాలి కనుక ఉదయం రద్దీలో సైకిల్‌తో రైలెక్కడం మీకూ ఇబ్బందే, ఇతరులకూ ఇబ్బందే. స్టేషన్ దగ్గర తాళం వేసి వెళ్లడమే మర్యాద. దొంగతనాలు ఎక్కువ కాబట్టి ఖరీదైన సైకిల్ కొనవద్దు, తాళానికి మాత్రం వెనుకాడవద్దు. పాత సైకిల్ కొంటే రసీదు తీసుకుని, ఫ్రేమ్ సంఖ్య రాసి పెట్టుకోండి.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే రోడ్డు మీద కుడివైపు తొక్కడం గురించే నాకు భయంగా ఉంది. సాధన చేయడానికి వాహనాలు లేని చోటు ఏదైనా ఉందా? నియమాలలో మనవాళ్లకు తెలియనివి ఏవి?

జవాబు 3 (రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవారు)

మీ ఇంటికి దగ్గరలోనే టెంపెల్‌హోఫ్ మైదానం ఉంది. 2008లో మూతపడిన విమానాశ్రయాన్ని 2010లో ప్రజలకు ఉద్యానంగా తెరిచారు. ఆ పాత రన్‌వేల మీద మోటారు వాహనాల భయం లేకుండా ఎంతసేపైనా తొక్కవచ్చు. చీకటిపడే వేళకు ద్వారాలు మూసేస్తారు కాబట్టి అక్టోబరులో పగటిపూట వెళ్లండి.

నియమాలలో అన్నిటికంటే ముఖ్యమైనది, గుర్తులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వడం. లోపలి వీధులలో ఇది ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది. తిరిగేముందు చేయి చాపి చూపాలి. ఎర్ర దీపం దాటితే సైకిల్ వారికి కూడా 60 యూరోలు, దీపం పడి ఒక సెకను దాటాక వెళితే 100 యూరోలు, రెండింటికీ ట్రాఫిక్ ఉల్లంఘనల రికార్డులో ఒక పాయింటు. తొక్కుతూ ఫోన్ చేతిలోకి తీసుకుంటే 55 యూరోలు. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, రెండు బ్రేకులు, గంట తప్పనిసరి. హెల్మెట్ తప్పనిసరి కాదు గాని పెట్టుకోండి.

జరిమానాలకంటే నేను మరీ మరీ చెప్పదలచినవి మూడు. ఆగివున్న కార్లకు తలుపు తెరుచుకునేంత దూరంగా వెళ్లండి. కూడలిలో కుడివైపుకు తిరుగుతున్న లారీ పక్కకు ఎన్నడూ చేరవద్దు, డ్రైవరుకు మీరు కనిపించరు. వెనుకే ఆగి దాన్ని పోనివ్వండి. ఆడ్లర్స్‌హోఫ్ వైపు ట్రామ్ పట్టాలు ఎదురవుతాయి, వాటిని ఏటవాలుగా కాకుండా వీలైనంత అడ్డంగా దాటండి, లేకపోతే చక్రం సందులో ఇరుక్కుంటుంది. తడిసిన పట్టాల మీద మలుపు తీసుకోవద్దు, బ్రేకు వేయవద్దు. ఎవరికైనా మీ వల్ల నష్టం జరిగితే భరించే వ్యక్తిగత బాధ్యతా బీమాను, ఇక్కడ హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అంటారు, సైకిల్ కొనేలోపే తీసుకోండి.