సంతకం చేసిన రిక్వైర్‌మెంట్ల పత్రం ఉన్నా సాఫ్ట్‌వేర్ వాడకంలోకి రాలేదు: లోపం ఎక్కడ వెతకాలి?

చీనీతోట, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఆరుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడుపుతున్నాను. నిరుడు ఒక చీనీ మండీకి వేలం, తూకం, తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ), రైతుకు చెల్లింపు, ఈ నాలుగింటినీ కలిపి చూసుకునే సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాము. పని మొదలుపెట్టే ముందు మండీ యజమానితో మూడు పూటలు కూర్చొని మాట్లాడి, కాలేజీ రోజుల్లో నేర్చుకున్న ఐఈఈఈ 830 నమూనా (ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణం) ప్రకారం 64 పేజీల రిక్వైర్‌మెంట్ల పత్రాన్ని, అంటే సాఫ్ట్‌వేర్ నుంచి ఏం కావాలో చెప్పే పత్రాన్ని, ఇంగ్లీషులో రాసి, పేజీ పేజీకీ ఆయన సంతకం తీసుకున్నాము. పత్రంలో రాసినవన్నీ చేశాము, ఒక్కొక్కటీ పరీక్షించి చూపించాము, ఆయన కూడా సరేనన్నారు.

మూడో వారానికల్లా అక్కడి గుమాస్తా మళ్లీ పద్దు పుస్తకం తెరిచారు. పగలంతా పుస్తకంలో రాసుకొని, సాయంత్రం లారీలు కదిలాక ఆ అంకెలను కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు. కారణం అడిగితే ‘మీది బాగానే ఉంది సార్, మా పనికే కుదరడం లేదు’ అని మాత్రం అంటున్నారు. యజమాని తాము అడిగింది ఇది కాదంటున్నారు, చివరి విడత డబ్బు ఆగిపోయింది. మేము కష్టపడి చేసిన పని ఒక మనిషికి రోజుకు రెండు గంటల అదనపు చాకిరీగా మారడం నాకు అంతకంటే ఎక్కువ బాధగా ఉంది.

మా బృందంలో ఒకరు ఈ పత్రాలకు కాలం చెల్లిందని, ఇకపై యూజర్ స్టోరీలు (వాడేవారికి ఏం కావాలో ఒకటి రెండు వాక్యాల్లో రాసుకునే కార్డులు) చాలని అంటున్నారు. ఇంకొకరు మాటలన్నీ రికార్డు చేసి ఏఐకి ఇస్తే పత్రం అదే రాసిపెడుతుందంటున్నారు. ఈ విషయం మీద పరిశోధన చేసేవారు, కంపెనీల్లో రోజూ ఇదే పనిగా ఉన్నవారు నిజంగా ఏం చేస్తున్నారో, మా వంటి చిన్న బృందం అందులో ఏది అందుకోగలదో తెలిసినవారు చెప్పగలరు.

పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు

నేను ప్రొద్దుటూరు వాణ్ణి. పదకొండేళ్లుగా బెంగళూరులో వాహనాల నియంత్రణ సాఫ్ట్‌వేర్‌కు రిక్వైర్‌మెంట్లు రాసే పనిలో ఉన్నాను. ముందుగా ఒక చిన్న మాట: మీరు వాడిన ఐఈఈఈ 830 ఇప్పుడు అమలులో లేదు. దాని స్థానంలో 2011లో ఐఎస్ఓ, ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు, ఐఈఈఈ కలిసి 29148 ప్రమాణాన్ని తెచ్చాయి, 2018లో దాన్ని సవరించాయి. అయితే కొత్త ప్రమాణం వాడి ఉంటే మీ గుమాస్తా పుస్తకం మూసేవారని నేను అనుకోవడం లేదు.

మీరు వెతకవలసిన చోటును పమేలా జేవ్, మైకేల్ జాక్సన్ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధకులు 1997లో రాసిన పరిశోధన వ్యాసం చాలా స్పష్టంగా చూపిస్తుంది. వారి ప్రకారం రిక్వైర్‌మెంటు అనేది యంత్రం గురించిన మాట కాదు, యంత్రం చుట్టూ ఉన్న లోకంలో ఏం జరగాలన్న కోరిక. యంత్రం ఏం చేయాలో చెప్పేది స్పెసిఫికేషన్. ఈ రెండింటినీ కలిపేది మూడోది ఒకటి ఉంటుంది, అది ఆ లోకం ఎలా నడుస్తుందన్న మన ఎరుక. ఆ ఎరుక తప్పయితే, స్పెసిఫికేషన్‌ను అక్షరం పొల్లుపోకుండా పాటించినా కోరిక నెరవేరదు.

మా రంగంలో దీనికి తరచూ చెప్పుకొనే ఉదాహరణ 1993 సెప్టెంబరు 14న పోలండ్‌లోని వార్సా విమానాశ్రయంలో జరిగిన ఏ320 విమాన ప్రమాదం. విమానం గాలిలో ఉండగా, దిగాక వాడవలసిన వేగ నిరోధకాలు పొరపాటున కూడా తెరుచుకోకూడదన్నది అక్కడి అసలు కోరిక. విమానం నేల మీద ఉందన్న సంగతి యంత్రానికి నేరుగా తెలియదు కనుక, చక్రాల కాళ్ల మీద బరువు పడిందా, చక్రాలు తగిన వేగంతో తిరుగుతున్నాయా అనే గుర్తులను బట్టి తెలుసుకునేలా చేశారు. ఆ రోజు నీరు నిలిచిన రన్‌వే మీద చక్రాలు తిరగకుండా జారాయి, విమానం ఒక పక్కకు ఒరిగి దిగడంతో రెండో కాలి మీద బరువు ఆలస్యంగా పడింది. గాలి దిశ వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి గాని, వేగం తగ్గించే సాధనాలు కీలకమైన కొన్ని సెకన్ల పాటు తెరుచుకోలేదు. విమానం రన్‌వే దాటి మట్టికట్టను ఢీకొంది, ఇద్దరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ తనకు చెప్పినట్టే పనిచేసింది. ‘నేల తాకితే చక్రాలు తిరుగుతాయి’ అన్న ఎరుక ఆ తడి రన్‌వే మీద నిజం కాలేదు.

మీ 64 పేజీల్లో మండీ గురించి మీరు నిజమని అనుకున్నవి ఎన్ని ఉన్నాయో, వాటిని విడిగా ఎక్కడైనా రాశారో లేదో చూడండి. నా అనుభవంలో అవి ఎవరి పత్రంలోనూ విడిగా ఉండవు. పత్రం పక్కన పెట్టి, రెండు రోజులు ఆ గుమాస్తా గారి పక్కన కూర్చోండి. ఆయనను ఏమీ అడగవద్దు, పుస్తకంలో ఏం రాస్తున్నారో చూస్తే చాలు.

చీనీతోట, అనంతపురం

పెన్నాఒడ్డు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. సోమ, మంగళవారాలు తెల్లవారుజాము నుంచి మండీలోనే ఉన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

వేలం అయిపోయాక గుమాస్తా గారు ఒక్కో కుప్పకు ఒక వరుస రాస్తున్నారు: రైతు పేరు, ఊరు, కొనుగోలుదారు, టన్ను ధర. కొన్ని వరుసల చివర పెన్నుతో చిన్న సున్నా చుడుతున్నారు. మధ్యాహ్నం దాకా అది ఏమిటో నాకు అర్థం కాలేదు. లారీకి ఎత్తేటప్పుడు కొనుగోలుదారు మనుషులు మంగు కాయను, అంటే తొక్క రంగు చెడి మచ్చపడిన కాయను, ఏరి పక్కన పోస్తారు. ఆ కాయకు ధర అక్కడికక్కడే వేరుగా మాట్లాడుకుంటారు, తూకం కూడా వేరుగా వేస్తారు. ఏరివేత ఉంటుందని వేలం నాడే తెలిసిన కుప్పకు ఆయన సున్నా చుట్టి, దాని కింద ఒక గీత ఖాళీగా వదిలిపెడుతున్నారు. తూకంలో తరుగు కింద తీసే సూటు కూడా ఆ రెండు భాగాలకూ ఒకే రకంగా ఉండదు.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక కుప్పకు ఒకే ధర. పైగా, బిల్లు ఒకసారి సేవ్ చేశాక ఎవరూ మార్చడానికి వీలులేదు. ఆ నియమం మేము కల్పించింది కాదు, యజమానే గట్టిగా అడిగారు, 31వ పేజీలో ఆయన సంతకంతో ఉంది. మధ్యాహ్నం మారవలసిన బిల్లును ఉదయమే బిగించేస్తే ఆ మనిషి పుస్తకంలోకి వెళ్లక ఏం చేస్తారు? మూడు పూటలు మాట్లాడినా ‘మంగు’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఎవరూ దాచలేదు, అది చెప్పవలసిన విషయమని వారికి తోచలేదు.

తరగతిగది, కడప

కడపలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ పాఠమే చెబుతాను కనుక చీనీతోట గారి చివరి వాక్యం నాకు ఎంతో విలువైనదిగా అనిపించింది. జర్మనీలో 2012లో మొదలై, తరువాత అనేక దేశాల పరిశోధకులు చేయి కలిపిన నేపైర్ అనే సర్వే ఒకటి ఉంది. అందులో 2014, 2015 సంవత్సరాల్లో 10 దేశాల్లోని 228 సంస్థలను వారు ఎదుర్కొనే ఇబ్బందులేమిటని అడిగితే, అన్నింటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు అసంపూర్ణంగా ఉన్న, లేదా బయటపడకుండా ఉండిపోయిన రిక్వైర్‌మెంట్లు. ఖాతాదారుతో మాటల్లో వచ్చే లోపాలు, మారిపోతూ ఉండే లక్ష్యాలు ఆ తరువాతివి. అంటే మీకు ఎదురైనది చిన్న బృందపు అనుభవలేమి వల్ల వచ్చిన ఇబ్బంది కాదు.

ఇందులో 31వ పేజీ సంగతి మీద నేను కాస్త ఆగాలనుకుంటున్నాను. ఓర్లెనా గోటెల్, ఆంథొనీ ఫింకెల్‌స్టీన్ అనే పరిశోధకులు 1994లో ఒక విషయం ఎత్తి చూపారు. పత్రంలోని వాక్యం కోడ్‌లో ఎక్కడికి వెళ్లిందో వెతకడానికి పరికరాలు ఉన్నాయి గాని, ఆ వాక్యం పత్రంలోకి ఎవరి నోటి నుంచి, ఏ కారణంతో వచ్చిందో తెలిపే జాడ మాత్రం పోతోందని వారి వాదన. మీ యజమాని బిల్లు మార్చకూడదని అడిగినప్పుడు ఎందుకు అని అడిగారా? బహుశా పాత రోజుల్లో ఎవరో అంకెలు దిద్ది ఉంటారు. అదే కారణమైతే ఆయనకు కావలసింది బిల్లు మారకపోవడం కాదు, తనకు తెలియకుండా మారకపోవడం. ఎవరు, ఏ సమయంలో, ఏ అంకెను ఏ అంకెగా మార్చారో ఆయన ఫోనులో కనిపిస్తే ఆయన భయమూ తీరుతుంది, గుమాస్తా పనీ సాగుతుంది. లక్ష్యం నుంచి మొదలుపెట్టి ‘ఎందుకు’ అని పైకి, ‘ఎలా’ అని కిందికి అడుగుతూ వెళ్లే పద్ధతి మీద ఆక్సెల్ వాన్ లామ్స్‌వీర్డే వంటి పరిశోధకులు కొన్ని దశాబ్దాల పాటు పనిచేశారు. మీరు వారి గుర్తులు, బొమ్మలు నేర్చుకోనక్కరలేదు, ఆ రెండు ప్రశ్నలు అడిగితే చాలా వరకు సరిపోతుంది.

హంద్రీ, కర్నూలు

మాది కర్నూలులో మీ అంతే చిన్న బృందం. యూజర్ స్టోరీల గురించి అడిగారు కనుక ఆ ఒక్కదానికే జవాబు చెబుతాను. స్టోరీ అంటే కార్డు, సంభాషణ, నిర్ధారణ అని రాన్ జెఫ్రీస్ 2001లో వివరించారు. కార్డు మాట్లాడుకోవడానికి ఒక గుర్తు మాత్రమే. చాలామంది కార్డు రాసి సంభాషణను వదిలేస్తున్నారు. అలా ఆఫీసులో కూర్చొని రాసిన నూరు స్టోరీలు మీ 64 పేజీలను ముక్కలుగా కత్తిరించినట్టే ఉంటాయి. ‘గుమాస్తాగా నేను బిల్లు సేవ్ చేయాలి’ అని కార్డు మీద రాసినా మంగు కాయ అందులోకి రాదు.

మేము రెండేళ్లుగా ఒక మార్పు చేశాము. ఒప్పందంలో మొదటి రెండు వారాలను విడిగా లెక్కగట్టి, ఆ రోజుల్లో పని జరిగే చోట చూడటం తప్ప కోడ్ రాయము. ఆ తరువాతే మిగతా పనికి ధర చెబుతాము. కొందరు ఒప్పుకోరు, అటువంటి పనులు వదులుకున్నాము కూడా. రెండోది, వాడుకరుల మాటల పట్టికను తెలుగులోనే పెడతాము. మంగు, సూటు, తక్‌పట్టీ అన్న మాటలను ఇంగ్లీషులోకి మార్చి ‘డ్యామేజ్’, ‘డిడక్షన్’ అని రాసిన రోజునే వాటి అర్థం సగం పోతుంది, తిరిగి చదివి వినిపించినప్పుడు గుమాస్తా తన పనిని అందులో గుర్తుపట్టలేరు.

మరొక మాట. మీ పత్రం మీద యజమాని సంతకం ఉంది, గుమాస్తా చూడనేలేదు, రైతు ఊసే లేదు. సూటు కింద ఎన్ని కిలోలు తీశారు, మంగు కింద ఎన్ని పోయాయి అన్నది రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ మీద విడివిడిగా కనిపించాలా వద్దా అన్నది కూడా ఒక రిక్వైర్‌మెంటే. కనిపించాలని నా గట్టి అభిప్రాయం. దీన్ని యజమానితో ముందే తేల్చుకోండి.

తరగతిగది, కడప

ఏఐ గురించి ఎవరూ చెప్పలేదు కనుక మళ్లీ రాస్తున్నాను. రిక్వైర్‌మెంట్లను యంత్రంతో వర్గీకరించడం మీద ఏళ్లుగా వచ్చిన పరిశోధనలో చాలా భాగం ప్రామిస్ అనే ఒకే సేకరణ మీద ఆధారపడింది. అందులో ఉన్నవి 15 ప్రాజెక్టుల నుంచి తీసుకున్న 625 వాక్యాలు, రాసింది విద్యార్థులు. అంత చిన్న, అంత శుభ్రమైన సేకరణ మీద వచ్చిన మార్కులను మన మండీ మాటలకు వర్తింపజేయలేము. ఇప్పటి పెద్ద భాషా నమూనాలు ఆ దశ దాటి చాలా ముందుకు వచ్చాయి. అస్పష్టమైన వాక్యాన్ని పట్టుకోవడానికి, రెండు వాక్యాల మధ్య వైరుధ్యం చూపడానికి, పరీక్షల చిత్తుప్రతి రాయడానికి నేను కూడా వాడతాను. కాని రికార్డులో లేని మాటను అవి వినలేవు. వేలం సాఫ్ట్‌వేర్‌కు పత్రం రాయమంటే అవి ఎక్కడైనా ఉండగల ఒక వేలానికి చక్కని పత్రం రాసిస్తాయి, చదివినవారికి ఏదీ తక్కువైనట్టు అనిపించదు. సమస్యంతా అక్కడే ఉంది.

దీనికి తోడు, ఇంటర్వ్యూల్లో వచ్చే అస్పష్టతను దోషంగా మాత్రమే చూడవద్దని ఫెరారి, స్పొలెటిని, న్యేసి 2016లో చెప్పారు. ఒక మాట దగ్గర వినేవారు తడబడ్డారంటే, చెప్పేవారు పైకి చెప్పని ఎరుక ఏదో అక్కడ ఉందని దాన్ని గుర్తుగా తీసుకోవచ్చు. మీరు సున్నా దగ్గర తడబడ్డారు, మంగు బయటపడింది. ఏఐ తడబడదు, అడగవలసిన చోట ఊహించి ముందుకు పోతుంది.

చీనీతోట, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. యజమానిని అడిగాను, తరగతిగది గారు ఊహించిందే నిజం. మార్పుల పట్టిక తన ఫోనుకు వస్తే బిల్లు సాయంత్రం దాకా తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు. తక్‌పట్టీ మీద సూటు విడిగా చూపడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, మాట్లాడుతున్నాను. కొత్త వాక్యాన్ని ఇలా రాశాను: ‘ఏరివేత పూర్తయినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఆ కుప్ప బిల్లును ఖరారు చేయాలి.’ దీన్ని సరిచూడగలరా?

పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు

మీకు తెలియకుండానే, రిక్వైర్‌మెంట్ల వాక్యాలు రాసే ఈయర్స్ పద్ధతికి దగ్గరగా వచ్చారు. రోల్స్ రాయిస్‌లో ఆలిస్టర్ మావిన్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పద్ధతి అది. ఎప్పుడూ వర్తించేది, ఒక స్థితి ఉన్నంతసేపు వర్తించేది, ఒక సంఘటన జరిగినప్పుడు వర్తించేది, అనుకోనిది జరిగితే వర్తించేది అంటూ వాక్యానికి కొన్ని మూసలు ఇస్తుంది. మీది సంఘటన వాక్యం. అనుకోనిది కూడా ఒకటి రాయండి: ‘రెండో తూకం అందకపోతే, సాఫ్ట్‌వేర్ ఆ బిల్లును ఖరారు చేయకుండా యజమానికి చూపాలి.’

మీ వాక్యంలో ఒక్క లోపం ఉంది. ఏరివేత పూర్తయిందని ఎవరు చెబుతారు? వార్సా విమానంలో చక్రాలు తిరగడం వంటి గుర్తు మీ సాఫ్ట్‌వేర్‌కు ఏది?

చీనీతోట, అనంతపురం

ఇప్పుడే గుమాస్తా గారికి ఫోను చేసి మీ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు అడిగాను. కాసేపు ఆలోచించి, ‘లారీ మీద తాడు బిగించినాక ఇంక కాయ కిందికి దిగదు సార్, అప్పుడే గేటు చీటీ రాసిస్తాను’ అన్నారు. గేటు చీటీ మా పత్రంలో ఎక్కడా లేదు. రేపు ఉదయం ఆ చీటీల కట్టను చూడటానికి వెళుతున్నాను.