హైదరాబాద్ టీమ్ ఢిల్లీకి పోయింది, ఇన్నేళ్ళు ఓటములు చూసినోళ్ళం ఇప్పుడేం చేయాల?

అనంత_పసుపు (అనంతపురం):
అందరికీ నమస్తే. ఈడ ఎక్కువ క్రికెట్టే నడుస్తాదని తెలుసు, కానీ మన సీమలో ఫుట్‌బాల్ పిచ్చోళ్ళు కూడా ఉండారు కాబట్టి అడుగుతాండా. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టినప్పట్నుంచి నేను ఆ టీమ్ మనిషిని. అంతకుముందు ఐఎస్‌ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, కేరళకుంది, చెన్నైకుంది, బెంగళూరుకుంది, మనకే లేదు, అందుకని ఆ పేరు వినగానే ఎంత సంబరపడినామో చెప్పలేను. మొదటి మ్యాచే కలకత్తాలో ఏటీకే చేతిలో 5-0. ఆ సీజన్ 18 మ్యాచుల్లో గెలిచింది రెండే, 10 పాయింట్లు, అందరికంటే కింద. కొత్త టీమ్ కదా, పోనీలే అనుకున్యాం.

తర్వాత కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చినాడు, కుర్రోళ్ళను పట్టుకొని టీమ్‌ను నిలబెట్టినాడు, 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ మీద ఫైనల్ గెలిచి కప్పు కొట్టినాం. సాహిల్ తవోరా 88వ నిమిషంలో కొట్టిన ఆ గోల్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపినాడు. కానీ ఒక బాధ ఏందంటే కరోనా వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే పెట్టినారు, చాంపియన్ అయిన ఏడాది గచ్చిబౌలిలో మన జనం ముందర ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఆ తర్వాత సంగతి మీకు తెల్సిందే. 2023-24లో జీతాలు ఇయ్యలేదు, ఫిఫా కొత్త ప్లేయర్లను తీసుకోనియ్యకుండా బ్యాన్ పెట్టింది, విదేశీయులు పోయినారు, మనోళ్ళలో పేరున్నోళ్ళూ పోయినారు, మిగిలింది అకాడమీ పిల్లోళ్ళు. 22 మ్యాచులు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ పిల్లోళ్ళు రెండు మూడు గోల్స్ తిన్న తర్వాత కూడా 80వ నిమిషంలో బాల్ వెనక పరిగెత్తుతా ఉంటే నాకు కడుపు తరుక్కుపోయేది. చెన్నైయిన్ మీద 1-0తో గెలిచిన రోజు మా ఇంట్లో వాళ్ళు ఏదో ఉద్యోగం వచ్చిందేమో అనుకున్యారు, అంత అరిచినా. 2024-25లో కొత్త వోనర్లు వచ్చినారు, మళ్ళీ 13 టీముల్లో 12వ ప్లేసు. సరే, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటా ఉంటే 2025 అక్టోబర్‌లో టీమ్‌ను ఢిల్లీకి తీసుకపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చేసినారు.

నాకు ఓడిపోయే టీమ్‌తో ఉండడం చేతనైతాది. పాయింట్ల పట్టికలో కింద నుంచి చదవడం అలవాటైపోయింది. కానీ ఇప్పుడు ఓడిపోడానికి కూడా టీమ్ లేదు. ఢిల్లీని చూడబుద్ధి కాదు, ఇంకొకర్ని నాది అనబుద్ధి కాదు. ఏండ్ల తరబడి ఓటములు చూస్తా వచ్చినోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎట్ల తట్టుకుంటాండారు? టీమ్ మారినోళ్ళు ఉంటే మనసు ఒప్పుకునిందా?

బురుజు_నీడ (కర్నూలు):
తమ్ముడూ, నువ్వు ఫోన్‌లో దాచుకున్న ఆ 88వ నిమిషం గోల్ ఉంది చూడు, అది నా గుండె పగిలిన నిమిషం. నేను కర్నూలు దాన్నే గానీ ఉద్యోగానికి కొచ్చి పోయినప్పుడు హాస్టల్ పిల్లలు కలూర్ స్టేడియానికి లాక్కపోయినారు, అప్పట్నుంచి కేరళ బ్లాస్టర్స్. మా కథ నీ మాదిరి కాదు, మేం అడుగున పడి ఉండం, గట్టు దాకా వచ్చి మునుగుతాం. 2014 ఫైనల్లో ఇంజురీ టైమ్‌లో ఏటీకే రఫీక్ హెడర్, 1-0. 2016 ఫైనల్ సొంత ఊర్లో, కొచ్చిలో, నేను స్టాండ్‌లో ఉన్నా, మహమ్మద్ రఫీ గోల్ కొట్టినప్పుడు స్టేడియం ఊగిపోయింది, కాసేపటికే సమం అయ్యింది, చివరికి పెనాల్టీల్లో 4-3తో పాయె. అంతమంది జనం ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎట్లుంటాదో అప్పుడు తెలిసింది. ఇంక 2022 మీతోనే. రెండు టీములదీ పసుపే కదా, ఆ రోజు లీగ్‌లో మీరు పైన ఉన్నారని పసుపు చొక్కా కూడా మీకే పోయింది, మావాళ్ళు నల్లది వేసుకోని దిగినారు, మా జనం మాత్రం పసుపులోనే వచ్చినారు.

పదేళ్ళు దాటినాయి, ఒక్క కప్పు లేదు. తట్టుకోవడం ఎట్ల అని అడిగినావు కదా, నిజం చెప్తా, తట్టుకోలేదు. ఫైనల్ ఓడిన మర్నాడు ఆఫీసుకు పోతే పక్క సీటు మలయాళీ అమ్మాయి, నేను ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు, మధ్యాహ్నం క్యారియర్ విప్పి తన కూర నాకు పెట్టింది, నాది తను తీసుకునింది. అట్లాంటి మనుషులు దొరకడం వల్లనే ఇన్నేళ్ళు ఉన్నా. ఒంటరిగా ఇంట్లో కూర్చోని ఓటమి చూసేదానికంటే ఘోరం ఇంకోటి లేదు. నువ్వు అనంతపురంలో ఎవరితో చూస్తావు?

స్పీడ్_రెడ్డి (నంద్యాల):
బ్రో ఇంత బాధ ఎందుకు, మాంచెస్టర్ సిటీకి వచ్చేయ్. గెలుపులు చూస్తావు, ఆట కూడా బాగుంటాది. ఐఎస్‌ఎల్ చూసి ఏడ్చేదానికన్నా అది మేలు.

అనంత_పసుపు (అనంతపురం):
@బురుజు_నీడ అక్కా, మీ మెసేజ్ చదివినాక ఆ వీడియో పెట్టుకోని ఆనందపడాలంటే మనసు రావడం లేదు. నేను ఎక్కువ ఒక్కడే చూస్తానక్కా. రూమ్మేట్ ఒకడు ఉండేవాడు, పెళ్ళయినాక బెంగళూరు పోయినాడు.
@స్పీడ్_రెడ్డి అన్నా, సిటీ ఆట నేనూ చూస్తా, బాగుంటాది, కాదనను. కానీ వాళ్ళు ఓడిపోతే నాకు నిద్ర పడుతుంది. హైదరాబాద్ ఓడిపోతే పట్టదు. తేడా అదే.

పెన్నా_గట్టు (కడప):
స్పీడ్_రెడ్డి అన్నకు ఒక మాట, ఆ సిటీ 1998-99లో మూడో స్థాయి లీగ్‌లో ఆడింది. ఆ మే నెలలో వెంబ్లీలో గిల్లింగ్‌హామ్ మీద 89 నిమిషాలు అయినాక కూడా 2-0తో వెనకబడి ఉన్యారు, ఇంజురీ టైమ్ అయ్యేలోపల రెండు గోల్సూ తిరిగి కొట్టి, చివరికి పెనాల్టీల్లో గెలిచి బయటపడినారు. ఆ రోజుల్లో స్టాండ్‌లో ఉన్నోళ్ళకే ఇప్పటి కప్పుల రుచి తెలుస్తాది, మనం టీవీలో చూసేది మిగిలిన ముక్క.

అనంతపురం అన్నకు నేను చెప్పాలనుకున్నది వేరే. నేను చదువుకోడానికి లండన్ పోయినప్పుడు వింబుల్డన్ సంగతి విన్నా. టెన్నిస్ కాదు, ఫుట్‌బాల్. 1988లో లివర్‌పూల్‌ను కొట్టి ఎఫ్‌ఏ కప్ ఎత్తిన క్లబ్ అది. 2002లో ఆ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే ఇంకో ఊరికి తీసుకపోడానికి పర్మిషన్ ఇచ్చేసినారు, అంటే అచ్చం మనకు జరిగిందే. ఆ ఫ్యాన్స్ ఏం చేసినారంటే, మా ఊరి టీమ్‌ను మేమే పెట్టుకుంటాం అని ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టి, పార్కు గడ్డిలో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళను ఎంచుకొని, తొమ్మిదో స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టినారు. 2011కి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేసినారు. 2020లో మళ్ళీ తమ పాత చోటు ప్లౌ లేన్‌లోనే సొంత గ్రౌండ్. క్లబ్ ఇప్పటికీ ఫ్యాన్స్ ట్రస్ట్ చేతిలో ఉంది.

నాకు కోపం ఎక్కడొస్తాదంటే, హైదరాబాద్ ఆడిన రోజుల్లో మన లీగ్‌లో కింద పడినోడికి కిందికి పోయే దారి కూడా లేకపాయె. కింది స్థాయి ఐ-లీగ్ నుంచి పైకి మాత్రం పంజాబ్ వచ్చింది, మొహమ్మడన్ వచ్చింది, ఇంటర్ కాశీ వచ్చింది. హైదరాబాద్ కింది లీగ్‌లోకి పడి ఉంటే అయినా పేరు నిలిచేది, మన జనం అక్కడికి పోయి చూసేవాళ్ళు. పడిపోవడం అవమానం కాదు, పడిన చోట నీ పేరుతో ఉండనియ్యకపోవడం అవమానం. లైసెన్సు ఒక కాగితం మాదిరి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతాది, మనం ఏండ్లుగా పెంచుకున్న అభిమానం పోగలదా.

గుంతకల్లు_జంక్షన్ (గుంతకల్లు):
నాయనా, నేను రైల్వేలో రిటైర్ అయినోణ్ణి, పుట్టింది ఖరగ్‌పూర్‌లో, అక్కడ మన తెలుగోళ్ళు ఎంతమందో మీకు తెలిసే ఉంటాది. మా నాయన కలకత్తా టీమ్ ఈస్ట్ బెంగాల్ మనిషి. ఎందుకంటే మన సికింద్రాబాద్ పిల్లోడు తులసీదాస్ బలరాం ఆ టీమ్‌లో ఆడినాడు, 1956, 1960 ఒలింపిక్స్ రెండూ ఆడినోడు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచింది, దాని కోచ్ రహీం సాబ్ చేతిలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది. ఆయన ఆ మరుసటేడే పోయినాడు. ఆ పోలీస్ టీమ్ వైభవమూ తర్వాత నిలబడలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ పోగొట్టుకోవడం ఇది మొదటిసారి కాదు, మా నాయన ఆ బాధ చూసినాడు, ఇప్పుడు నువ్వు చూస్తాండావు.

నా బాధ చెప్తా విను. ఈస్ట్ బెంగాల్ 2003-04లో నేషనల్ లీగ్ గెలిచింది, ఆ తర్వాత ఇరవై ఏండ్లు లీగ్ టైటిల్ లేదు. ఐఎస్‌ఎల్‌లోకి వచ్చినాక తొమ్మిదో ప్లేసు, పదకొండో ప్లేసు, మళ్ళీ తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అదే ఊరి మోహన్ బగాన్‌తో ఆడే డెర్బీలో నాలుగేండ్లకు పైగా గెలుపు ముఖం చూడలేదు. 2023 ఆగస్టులో డ్యూరండ్ కప్‌లో నందకుమార్ గోల్‌తో 1-0 గెలిచినప్పుడు ఖరగ్‌పూర్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చినాడు, అరవై దాటినోడు. తర్వాత 2024 జనవరిలో భువనేశ్వర్‌లో ఒడిశా మీద 3-2తో సూపర్ కప్ కొట్టినాం, 2012 తర్వాత అంతటి కప్పు అదే.

అయినా మా క్లబ్‌ను ఎవరూ ఎత్తుకపోలేరు, ఎందుకంటే దానికి మెంబర్లు ఉండారు, గ్రౌండ్ ఉంది, 1920 నుంచి ఆ పేరు ఉంది. డబ్బు పెట్టే కంపెనీ మారినా పేరు మారలే. కడప అబ్బాయి చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కాకపోతే టీమ్ పెట్టడం అంత తేలిక కాదు నాయనా, ముందు పోయి కూర్చోవాల్సిన చోటు కావాల. నువ్వుండేది అనంతపురం, ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్లు నీ ఊర్లోనే ఉండాయి. స్పెయిన్ నుంచి ఫెర్రర్ గారు వచ్చి 1969లో ఆ సంస్థ పెట్టినారు, స్పెయిన్ వాళ్ళ వల్ల అక్కడ పల్లెటూరి పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ అందింది. క్రికెట్ వాళ్ళు దులీప్ ట్రోఫీకి వచ్చిపోయినారు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు మాత్రం అక్కడే ఉండారు. ఐఎస్‌ఎల్ మ్యాచ్ లేని ఆదివారం పోయి చూడు. అందులో ఒక పిల్లో పిల్లోడో రేపు ఏ టీమ్‌కు పోతే అదే నీ టీమ్, మా నాయనకు బలరాం వల్ల ఈస్ట్ బెంగాల్ దక్కినట్టు.

అనంత_పసుపు (అనంతపురం):
పెద్దాయనా, బలరాం సంగతి నాకు తెలియదు, ఈ రాత్రికి దొరికినంతా చదువుతా. ఆర్‌డీటీ గ్రౌండ్ ముందర నుంచి ఎన్నిసార్లు బండిలో పోయినానో, ఆగింది మాత్రం క్రికెట్ మ్యాచులకే. ఈ ఆదివారం పోతా. పొద్దున పోవాలా సాయంత్రమా, పిల్లలు ఎప్పుడు ఆడతారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

@పెన్నా_గట్టు అన్నా, వింబుల్డన్ వాళ్ళకు ఊరంతా వెనక ఉంది, మనం ఈ థ్రెడ్‌లో లెక్కేస్తే ఐదుగురం. అయినా హైదరాబాద్‌లో ఫ్యాన్ గ్రూపు వాళ్ళు ఇంకా మాట్లాడుకుంటాండారు, నీ మెసేజ్ వాళ్ళకు పంపినా, ట్రస్ట్ ఎట్ల పెడతారో నీకు తెలిసింది రాయి.

బురుజు_నీడ (కర్నూలు):
తమ్ముడూ, ఒక్కడివే చూడొద్దు, ఈసారి మా గ్రూప్ కాల్‌లోకి రా, కర్నూలు నుంచి ముగ్గురం, కొచ్చి నుంచి ఒక పిల్ల. మావాళ్ళు ఢిల్లీ మీద ఆడే రోజు ఎవరి పక్క ఉంటావో ముందే చెప్పు మరి.

అనంత_పసుపు (అనంతపురం):
ఆ ఒక్క రోజు కేరళకే అరుస్తానక్కా, గొంతు పోయేదాకా. లింక్ పంపు.