శనివారం రోమియో జూలియట్ నాటకం: హాలు సంగతి అర్జెంటు

పుత్తూరు అక్క: ఇంక తొమ్మిది రోజులే ఉంది. కుర్చీలు, మైకులు, 120 మందికి పులిహోర, బ్యానరు ప్రూఫు. ఎవరు ఏది చూస్తారో ఈ రాత్రికే చెప్పండి. మెసేజ్ చూసి గమ్మున ఉండొద్దు.

కొర్లగుంట అన్న: అక్కా, అవన్నీ తర్వాత. హాలు ఇచ్చిన స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. కొయ్య కత్తులైనా సరే కాంపౌండ్ లోపలికి రాకూడదంట. తెస్తే బుకింగ్ క్యాన్సిల్. అడ్వాన్సు నా కార్డు మీదే పోయింది.

పలమనేరు తమ్ముడు: కత్తుల్లేకుండా రోమియో జూలియట్టా? మాధవమాలలో చెప్పి చేయించి, రేణిగుంటలో విమానం ఎక్కించి ఈ దేశానికి తెప్పించినాం. రోమియో స్నేహితుడు మెర్క్యూషియోగా చచ్చిపోయేది రెండు నెలలుగా ప్రాక్టీసు చేస్తున్నా నేను!

తిలక్ రోడ్డు వదిన: ఫైటు తీసేద్దాం. జనం వచ్చేది బాల్కనీ సీనుకే.

మాస్టారు (తిరుపతి): ఇక్కడ ఇంకా తెల్లవారలేదు, ఫోను మోగుతానే ఉంది. ఫైటు తీస్తే మిగిలేది పెళ్ళి వీడియో. జూలియట్ ఇంటివాడు టిబాల్ట్ తనకు చుట్టమై గంటే అయిందని రోమియోనే అంటాడు. నిన్నటిదాకా పగవాడు, ఇప్పుడు భార్య తరఫు బంధువు. అందుకే కత్తి దూయడు. పెళ్ళి సంగతి తెలియని మెర్క్యూషియో అది పిరికితనం అనుకుని తనే దిగుతాడు. రోమియో అడ్డం పోతే, అతని చెయ్యి కిందనుంచే టిబాల్ట్ పొడుస్తాడు. అసలు దెబ్బ అక్కడుంది.

పలమనేరు తమ్ముడు: కర్ణుణ్ణి చూడండి సార్. కుంతి వచ్చి కన్నతల్లినని చెప్పినా దుర్యోధనుణ్ణి వదల్లేదు. వీడు గంట చుట్టరికానికి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు.

మాస్టారు (తిరుపతి): వదులుకోవాలనుకున్నది పగని, స్నేహితుణ్ణి కాదు నాయనా. అదీ చేతకాలేదు. జూలియట్ అందం నన్ను మెత్తబరిచిందని తిట్టుకుని, పోయి టిబాల్ట్‌ని చంపేశాడు.

కొర్లగుంట అన్న: సామీ, హాలు గురించి మాట్లాడండి.

పలమనేరు తమ్ముడు: ఆ స్కూలు వద్దని ముందే చెప్పినా. మన మాట ఎవురు వింటారు!

కొర్లగుంట అన్న: అయితే నువ్వే కట్టు అడ్వాన్సు.

(పలమనేరు తమ్ముడు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు)

పుత్తూరు అక్క: ఫోన్ చేసినా. అన్నం తిని వస్తాడంట.

పీలేరు చెల్లి: జూలియట్‌గా ఒక మాట చెప్పొచ్చా? ఆ పిల్ల కూడా ఫైటు చూడలేదు కదా. దాది వచ్చి చెప్తేనే తెలుస్తుంది. ముందు మొగుణ్ణి అందమైన రాక్షసుడని తిడుతుంది. అదే తిట్టు దాది తిడితే మాత్రం ఊరుకోదు. మూడు గంటల క్రితం భార్యనైన నేనే నీ పేరు చెడగొడితే ఇంకెవరు నిలబెడతారని ఏడుస్తుంది. చచ్చింది సొంత అన్నలాంటివాడు! జనానికి కూడా ఫైటు చెవులతోనే వినిపిస్తే పోలా?

మాస్టారు (తిరుపతి): శభాష్. మన ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం కదా. ఫైటు మొత్తం హరికథగా చెప్పిద్దాం. ఈ రోజే రాసి పంపిస్తా.

తిలక్ రోడ్డు వదిన: ఎవరు చెప్తారు?

పుత్తూరు అక్క: మా తాత చెప్పేవాడు. నాకు రెండు దరువులు గుర్తున్నాయి, అంతే.

(పలమనేరు తమ్ముడు గ్రూపులో చేరారు)

పలమనేరు తమ్ముడు: సారీ అన్నా. అక్క కథ చెప్తా ఉంటే నేను పక్కనే పడి చస్తా. మీ రెండు ఇళ్ళూ నాశనమైపోనీ అనే మాట మాత్రం నాదే, ఎవరికీ ఇవ్వను.

కొర్లగుంట అన్న: సరే రా. అక్కా, చిడతలు కూడా కొయ్యవే కదా? స్కూలు వాళ్ళకు ఫోటో పంపి అడుగుతా.